ఏదైనా పర్లేదు మేడమ్

థర్డియర్‌లో మాకు వారానికోసారి ఇంగ్లీష్ ల్యాబ్ ఉండేది. లంచ్ అయిన వెంటనే పీరియడ్. హెడ్‌ఫోన్లు సగం పనిచేయవు గానీ ఏసీ మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అందుకే అటెండెన్స్ కూడా బ్రహ్మాండంగా ఉండేది. ఆ రోజు పాఠం మన ఇష్టాయిష్టాలు ఎలా చెప్పాలి, నిర్ణయాలు ఏ మాటల్లో చెప్పాలి అన్నది. మేడమ్ నన్ను లేపి, "టీ ఆర్ కాఫీ? విచ్ డు యు ప్రిఫర్?" అని అడిగారు.

ఇంత సులువైన ప్రశ్న నా వంతుకి వచ్చినందుకు సంతోషించాలి కదా. నేను మాత్రం "ఎనీథింగ్ ఈజ్ ఓకే మేడమ్" అన్నా.

"నేను హోటల్లో సర్వర్‌ని అనుకో. ఎనీథింగ్ అంటే నీకు ఏం తెచ్చిపెట్టాలి?"

క్లాసంతా నవ్వింది. "టీ" అన్నా. ఫుల్ సెంటెన్స్‌లో చెప్పమన్నారు. "ఐ ప్రిఫర్ టీ దాన్ కాఫీ" అన్నా.

మేడమ్ ఒకసారి కళ్ళు మూసుకుని తెరిచారు. తర్వాత ఓపిగ్గా చెప్పారు. మనం "కాఫీ కంటే టీ ఇష్టం" అంటాం కాబట్టి ఆ "కంటే"ని తీసుకెళ్ళి "దాన్" అని పెట్టేస్తాం. ఇంగ్లీష్‌లో "ప్రిఫర్" పక్కన "టు" వస్తుంది: ఐ ప్రిఫర్ టీ టు కాఫీ. "దాన్" వాడాలని అంత మోజుంటే "వుడ్ రాదర్" వాడుకోవచ్చు: ఐ వుడ్ రాదర్ హ్యావ్ టీ దాన్ కాఫీ. రెండింటికీ ఇంకో తేడా కూడా ఉంది. "ఐ ప్రిఫర్" అంటే మామూలుగా నా అలవాటు, నా ఇష్టం. "ఐ వుడ్ రాదర్" అంటే ఈ పూటకి, ఈ సందర్భానికి నాకు కావలసింది.

తర్వాత వెనక బెంచీలో ఒకణ్ణి లేపి, సినిమాకి వెళ్తావా క్రికెట్ ఆడతావా అనడిగారు. వాడు ఎంతో వినయంగా "ఐ డోంట్ కేర్ మేడమ్" అన్నాడు. పాపం వాడి ఉద్దేశం "ఏదైనా పర్లేదు" అనే. ఆ మర్యాదకి మాట "ఐ డోంట్ మైండ్" అని, "ఐ డోంట్ కేర్" అంటే "అయితే నాకేంటి" అన్నట్టు వినిపిస్తుందని మేడమ్ చెప్పేసరికి వాడు టేబుల్ కింద దాక్కున్నంత పని చేశాడు.

ఆ రోజు నోట్స్‌లో రాసుకున్న మాటలు ఇప్పటికీ ఉన్నాయి. రెండిట్లో ఏదీ వదులుకోలేక నలిగిపోతుంటే "టార్న్ బిట్వీన్". మనసు ఒకవైపు కొంచెం మొగ్గుతుంటే "లీనింగ్ టువర్డ్స్". కావలసింది దొరక్క, దొరికిందాంతో సర్దుకుంటే "సెటిల్ ఫర్". ఈ రాత్రి ఆలోచించి రేపొద్దున చెప్తా అనడానికి "లెట్ మీ స్లీప్ ఆన్ ఇట్". ఎటూ తేల్చకపోతే "ఆన్ ద ఫెన్స్", అంటే కంచె మీద కూర్చోవడం. మన గోడ మీద పిల్లి అదే కదా అని మా ఫ్రెండ్ అడిగింది. కొంచెం తేడా ఉందన్నారు మేడమ్. కంచె మీదున్నవాడు ఎటు దిగాలో తెలియక కూర్చుని ఉండొచ్చు. మన పిల్లికి అన్నీ తెలుసు, ఎటు లాభమో చూసి దూకడానికే కూర్చుంటుంది.

ఇంకో మాట మాకు బాగా నచ్చింది, "హాబ్సన్స్ ఛాయిస్". సుమారు 400 ఏళ్ళ కిందట ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో థామస్ హాబ్సన్ అనే ఆయన స్టూడెంట్లకి గుర్రాలు అద్దెకిచ్చేవాడట. అందరూ మంచి గుర్రాన్నే అడిగితే అది అలిసిపోతుందని, వరసలో తలుపు దగ్గరున్న గుర్రాన్నే తీసుకోవాలని రూల్ పెట్టాడు. నచ్చితే అదే, లేకపోతే ఏదీ లేదు. అలా పేరుకి మాత్రమే ఛాయిస్ ఉండే పరిస్థితికి ఆయన పేరు పడింది. మేడమ్ ఇది చెప్పగానే వెనకనుంచి ఎవరో "మెస్ మెనూ" అని అరిచారు.

అందరితో పాటు నేనూ నవ్వా. కానీ నాకు గుర్తొచ్చింది మెస్ కాదు, నా వెబ్ ఆప్షన్లు.

ఎంసెట్ పేరు మా రాష్ట్రంలో 2021లో ఈఏపీసెట్ అని మారింది గానీ మా ఇంట్లో ఇప్పటికీ అది ఎంసెటే. ర్యాంక్ వచ్చాక కాలేజీ కోడ్, బ్రాంచ్ కోడ్ వరసగా పెట్టుకుంటూ పోతాం కదా, ఆ లిస్టు మా బాబాయి పెట్టాడు. నెట్ సెంటర్లో ఆయన, నాన్న కుర్చీల్లో కూర్చున్నారు, నేను వెనక నిలబడ్డా. ఆయన ఒక్కో కాలేజీ పేరు చదివి "ఏమ్మా?" అన్నప్పుడల్లా నేను "మీ ఇష్టం బాబాయ్" అన్నా. నలభై ఆప్షన్లు పెట్టి ఉంటాం. ఒకటి తప్ప అన్నీ సీఎస్ఈనే. ఆ ఒకటి కూడా ఈసీఈ.

నాకు సివిల్ అంటే ఇష్టం. చిన్నప్పుడు మల్లవరం దగ్గర గుండ్లకమ్మ రిజర్వాయర్‌కి తీసుకెళ్తే ఆ గేట్ల దగ్గర్నుంచి కదలనన్నానని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. ఆ మాట ఆ రోజు నెట్ సెంటర్లో చెప్పాలని నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. చెప్పి ఉంటే వాళ్ళు తిట్టేవాళ్ళా? తెలీదు. అసలు చెప్పలేదు కదా. నా సీటు బాబాయి బలవంతంగా ఇప్పించాడని రెండేళ్ళు లోపల్లోపల కోపం పెట్టుకున్నా. నిజానికి ఆయన నలభైసార్లు అడిగాడు.

"ప్రిఫర్" అనే మాటకి లాటిన్‌లో మూలం "ముందుకు మోసుకొచ్చి పెట్టడం" అని ల్యాబ్ అయ్యాక చూశాను. అంటే అచ్చం మన వెబ్ ఆప్షన్లే. ఏది ముందు పెడతామో అదే మన ఇష్టం. నా లిస్టులో నా ఇష్టం నలభైయొకటో నంబర్లో కూడా లేదు.

అప్పట్నుంచి నాకొక పిచ్చి పట్టింది. మనం తెలుగులో ఇష్టం ఎలా చెప్తాం అని గమనించడం మొదలుపెట్టా. "ఐ లైక్", "ఐ వాంట్", "ఐ ప్రిఫర్", ఇంగ్లీష్‌లో అన్నిట్లోనూ ముందు "ఐ" వచ్చి నిలబడుతుంది. మనకేమో "నాకు ఇష్టం", "నాకు కావాలి", "నాకు నచ్చింది", "నాకు వద్దు". ఎక్కడా "నేను" లేను. ఇష్టం అనేది జ్వరంలాగా, ఆకలిలాగా నాకు వచ్చేది, నేను చేసే పని కాదు. అందుకే మనం ఇష్టాలు గట్టిగా చెప్పలేమని మొదట నేనొక థియరీ కట్టేసి హాస్టల్లో అందరికీ చెప్పా. మా రూమ్మేట్ ఒక్క మాటతో దాన్ని పడగొట్టింది: "మా తమ్ముడు 'నాకు బైకు కావాలి' అని మూడు రోజులు అన్నం మానేశాడు. వాడు చెప్పింది తెలుగులోనే."

అదీ నిజమే. పైగా తెలుగులో "ఎంచుకో", "తేల్చుకో", "తీసుకో" అన్నిటి చివరా ఒక "కో" ఉంది. ఆ పని నీ కోసం నువ్వే చేసుకోమని. నిర్ణయాన్ని ఇంగ్లీష్‌లో "డిసైడ్" అంటారు, దాని మూలం కూడా లాటిన్‌లో "కోసేయడం" అట. మనకి "తెగేసి చెప్పడం" ఉండనే ఉంది. అక్కడా ఇక్కడా కోతే. ఒకటి ఉంచుకోవాలంటే ఇంకోటి తెగాలి. కాబట్టి లోపం భాషలో లేదు, నాకు అలవాటు లేదు. నేను మాటలు లేక ఆగిపోలేదు, ఆ మాటలు ఎప్పుడూ నోటితో అనక ఆగిపోయా.

ఇదంతా ఫైనల్ ఇయర్‌లో నా మీదకే వచ్చింది.

ఫస్ట్ సెమ్‌లో నాకు క్యాంపస్‌లో ఒక జాబ్ వచ్చింది. హైదరాబాద్‌లో, టెస్టింగ్ రోల్. పెద్ద ప్యాకేజీ కాదు, ఫేస్‌బుక్‌లో పెట్టుకునేంత లేదు. ఇంట్లో సంతోషించారు, కానీ దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఎందుకంటే ఎంఎస్‌కి పంపాలని ఎప్పుడో అనేసుకున్నారు. మా వీధిలో ముగ్గురు వెళ్ళారు. బాబాయి కన్సల్టెన్సీకి వెళ్ళి అడిగొచ్చాడు, అన్నీ కలిపి నలభై లక్షల దాకా అవుతుందన్నారట. కొంత లోన్ వస్తుంది. మిగతాదానికి రోడ్డు పక్కనున్న ఎకరం అమ్మాలి. మాకున్నది రెండెకరాలు. శనగ వేస్తాం.

నాకు ఎవరూ ఏదీ దాచలేదు. ఫోన్లో నాన్న మామూలుగానే చెప్పాడు: "బేరం వచ్చిందమ్మా. నీకు ఇష్టమేగా?"

నేను "మీ ఇష్టం నాన్నా" అనబోయి ఆగా. "రేపు చెప్తా నాన్నా" అన్నా. స్లీప్ ఆన్ ఇట్ అన్నమాట. కానీ ఆ రాత్రి స్లీప్ లేదు, ఆన్ ఇట్ మాత్రమే ఉంది.

నాకు ఎంఎస్ మీద కోపం లేదు. మా బ్యాచ్‌లో వెళ్తున్నవాళ్ళంటే అసూయ కూడా కొంచెం ఉంది. కానీ ఏం చదవడానికి వెళ్తున్నావని ఎవరైనా అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఎస్ఓపీ శాంపిల్ ఒకటి తెచ్చుకుని చదివా. "ఫ్రమ్ మై చైల్డ్‌హుడ్ ఐ వాజ్ ఫాసినేటెడ్ బై కంప్యూటర్స్" అని ఉంది. చిన్నప్పుడు నన్ను ఫాసినేట్ చేసింది డ్యామ్ గేట్లు. ఇంకోసారి వేరేవాళ్ళ ఆప్షన్ నా పేరు మీద ఫ్రీజ్ చేసుకోబోతున్నా, ఈసారి ఎకరం పొలం పెట్టి.

వద్దని ఎలా చెప్పాలి? "వెళ్ళను" అంటే ఎదురు తిరిగినట్టు ఉంటుంది. "వెళ్ళలేను" అంటే చేతకాదన్నట్టు, అప్పుడు "నీకేం తక్కువమ్మా, వెళ్ళగలవు" అని ధైర్యం చెప్తాడు. "వద్దులే నాన్నా" అంటే డబ్బు గురించి మొహమాటపడుతున్నా అనుకుంటాడు. ల్యాబ్ నోట్స్ తీశా. "ఐ హ్యావ్ డిసైడెడ్ అగెయిన్‌స్ట్ గోయింగ్" అని ఉంది. డిసైడ్ ఆన్ అంటే ఫలానాది అని తేల్చుకోవడం, డిసైడ్ అగెయిన్‌స్ట్ అంటే వద్దని తేల్చుకోవడం. వద్దనుకోవడం కూడా ఒక నిర్ణయమేనని ఆ చిన్న మాట వల్లే మొదటిసారి అనిపించింది. దాని కింద ఇంకో వాక్యం. వేరేవాళ్ళు ఏం చేస్తే మనకి ఇష్టమో చెప్పడానికి "వుడ్ రాదర్" తర్వాత క్రియని పాస్ట్‌లో పెట్టాలట. "ఐడ్ రాదర్ యు కేమ్ టుమారో", రేపు అని ఉన్నా "కేమ్" అనే రావాలి. ఆ రోజు అందరం నవ్వాం. దాని పక్కన పెన్సిల్‌తో రాసి చూశా: ఐడ్ రాదర్ యు డిడ్న్ట్ సెల్ ద ల్యాండ్.

గ్రామర్ కరెక్టే. కానీ నాన్నకి ఇంగ్లీష్‌లో చెప్పలేను కదా. దాన్ని తెలుగులో ఎలా అంటారా అని చాలాసేపు ఆలోచిస్తే దొరికింది. దొరికింది అనడం కూడా తప్పే, రోజూ వాడే మాటే అది. "నాకు వెళ్ళాలని లేదు." అందులో ఎదురు తిరగడం లేదు, చేతకానితనం లేదు, మొహమాటం లేదు. ఉన్నదున్నట్టు చెప్పడం, అంతే. నేను వెక్కిరించిన ఆ "నాకు" వల్లే అంత మెత్తగా వచ్చింది.

ఫోన్లో వద్దని శనివారం ఊరికి వెళ్ళా. నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుని చెప్పేశా. "నాన్నా, నాకు ఎంఎస్‌కి వెళ్ళాలని లేదు. పొలం అమ్మకపోతే బాగుంటుంది."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు, "పొలం కోసం వద్దంటున్నావా, నిజంగానే వద్దా?"

ఇది నేను నోట్స్‌లో రాసుకోని ప్రశ్న. అబద్ధం చెప్పకూడదని కొంచెం టైమ్ తీసుకున్నా. "డబ్బులు ఊరికే వచ్చినా ఇప్పుడు వెళ్ళనేమో నాన్నా. రెండేళ్ళు ఉద్యోగం చేసి, అప్పుడు చదవాలనిపిస్తే నేనే చూసుకుంటా."

"ముందే చెప్పొచ్చుగా."

"మీరు ఎంతో ఆశపడుతున్నారని..."

నాన్న చేత్తో మోకాలు రుద్దుకుంటూ అన్నాడు, "నాకు మాత్రం అమ్మాలని ఉందా ఏంటమ్మా? నువ్వు వెళ్తానంటే కాదనకూడదని. అందరూ పోతుంటే మేం పంపలేదని రేపు నువ్వు అనుకోకూడదని."

లోపల్నుంచి అమ్మ అంది, "నేనైతే నువ్వు వెళ్ళొద్దని వినాయకుడికి కూడా మొక్కుకున్నా."

ముగ్గురిలో ఒక్కళ్ళకి కూడా ఇష్టం లేదు. అయినా బేరం దాకా వచ్చాం.

దీనికి మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో ఒక పేరు ఉందని ఈ సెమిస్టర్‌లో తెలిసింది. అబిలీన్ పారడాక్స్. జెర్రీ హార్వీ అనే అమెరికన్ మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ 1974లో రాశారు. టెక్సస్‌లోని కోల్‌మన్ అనే ఊళ్ళో అత్తగారింటి వరండాలో అందరూ డామినోస్ ఆట ఆడుకుంటున్నారు. మన మే నెల లాంటి ఎండ, నలభై డిగ్రీలు. మామగారు ఉన్నట్టుండి "అబిలీన్ వెళ్ళి భోంచేసొద్దామా" అన్నారు. అబిలీన్ 53 మైళ్ళు, కారులో ఏసీ లేదు. కూతురు బాగుంటుందంది. అల్లుడు లోపల వద్దనుకుంటూనే సరేనన్నాడు, అత్తగారు కూడా సరేనన్నారు. దుమ్ములో వెళ్ళి, బాగోని తిండి తిని, నాలుగు గంటల తర్వాత అలిసిపోయి తిరిగొచ్చారు. అప్పుడు ఒక్కొక్కరే బయటపడ్డారు. ఎవరికీ వెళ్ళాలని లేదు. ఆఖరికి మామగారు కూడా మీరంతా బోర్ కొట్టి కూర్చున్నారేమో అని అన్నానంతే అన్నారు. గొడవలొచ్చినప్పుడు ఏం చేయాలో అందరూ చెప్తారు, అందరూ ఒప్పుకున్నప్పుడే జాగ్రత్తగా ఉండాలని హార్వీ అంటారు.

అది చదివి మా రూమ్మేట్‌కి చూపించా. "మన నలుగురం లాస్ట్ ఇయర్ వెళ్ళిన అరకు ట్రిప్పు ఇదే కదే" అంది. తనకి అప్పుడు జ్వరమట. ఇప్పుడు చెప్పింది.

ఇదంతా చదివి నేను తీసుకున్న నిర్ణయం కరెక్టని మీరు అనుకోవద్దు, నాకే తెలీదు. వచ్చే ఏడాది ఈ టైమ్‌కి మా వాళ్ళు స్నోలో ఫోటోలు పెడుతుంటే నేను ఏ అమీర్‌పేట పీజీలోనో ఉండి బాధపడతానేమో. టెస్టింగ్ కూడా నేను కోరుకున్నది కాదు. నోట్స్ ప్రకారం దాన్ని "సెటిల్ ఫర్" కిందే రాయాలి. సివిల్ అయితే ఎప్పుడో తెగిపోయింది. కానీ ఈసారి తప్పయితే అది నా తప్పు. దానికి బాబాయి మీద కోపం పెట్టుకోవాల్సిన పని లేదు. ఆయనకి ఫోన్ చేసి అది కూడా చెప్పా. సివిల్ సంగతి విని, "పిచ్చిమొద్దూ, ఒక్క మాట అంటే మొదటి ఆప్షనే అది పెట్టేవాణ్ణి కదా" అన్నాడు. నిజంగా పెట్టేవాడో లేదో గానీ, ఆ మాట విని చాలాసేపు ఏడ్చా.

ఆ ఆదివారం మధ్యాహ్నం కూర ఏం చేయనని అమ్మ అడిగింది. "నీకేం ఇష్టమో అది చెయ్" అన్నా.

"నాదేముంది, ఏదైనా పర్లేదు."

"ఎనీథింగ్ అంటే ఏం వండాలమ్మా? పేరు చెప్పు."

అమ్మ పొయ్యి దగ్గర నిలబడి నిజంగానే ఆలోచించింది. ఇరవై రెండేళ్ళలో ఈ ప్రశ్న నేను తనని అడగలేదు. "కాకరకాయ పులుసు" అంది చివరికి. "మీరెవరూ తినరని వండను."

బెల్లం కొంచెం ఎక్కువేసి వండింది. నాన్న రెండోసారి వేసుకున్నాడు. నాకు మాత్రం నచ్చలేదు. అదీ చెప్పా.